ఓబులమ్మ తన్నని తన్ను

నిన్న పొద్దున స్నానాల గదిలో చెంబు అందుకోబోయి వంగాను. కుడి పిర్ర లోపల చిటుక్కుమంది. వెంటనే సన్నటి మంట తొడ వెనకనుంచి పిక్క మీదుగా జారి మడమ దాకా దిగింది. నలభై ఏళ్ళుగా జాడలేని చుట్టం తలుపు తట్టకుండా లోపలికి వచ్చినట్టయింది. కోడలు కంగారుపడి ఆసుపత్రికి ఫోను చేస్తానంది. "ఉండమ్మా, ముందు యాడిదాకా దిగిందో చూసుకోనీ" అంటూ నేలమీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచాను. ఆ మాట నాది కాదు, ఓబులమ్మది. నా పిల్లలెవరూ ఆమెను చూడలేదు.

డెబ్బయ్యో దశకం చివరిలో నేను మలేరియా వర్కరుని. యాడికి అనే ఊరి చుట్టుపక్కల పల్లెలు నా వంతు. పదిహేను రోజులకోసారి ప్రతి గడపా తొక్కాలి. జ్వరం ఉన్నవాళ్ళ వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద నెత్తురు చుక్క తీసుకుని, మాత్రలిచ్చి, గోడమీద తేదీ వేసి రావాలి. నన్ను చూస్తే పిల్లలు తలుపుల వెనక నక్కేవాళ్ళు. ఉద్యోగం టెంపరవరీ. వరసగా రెండేళ్ళు వానలు లేక మా చేను వేసిన చెనక్కాయ విత్తనం కూడా తిరిగి ఇవ్వలేదు. ఇంట్లో ఆరుగురం నా జీతం మీదే బతుకుతున్నాం. తిరగలేనివాణ్ణి తిరిగే పనిలో ఎవరూ ఉంచుకోరన్న సంగతి నాకు బాగా తెలుసు.

ఆ పని కోసమే ఒక పాత సైకిలు కొన్నాను. ఆ వయసులో సీటు ఎంత ఎత్తుంటే అంత మగతనం అనుకునేవాళ్ళం. సీటు కడ్డీ చివరిదాకా లాగి బిగించాను. పెడలు కిందికి పోతే కాలివేళ్ళు మాత్రమే అందేవి. గాజుపలకల పెట్టె ఉన్న సంచి ఎప్పుడూ కుడి భుజానికే. దారులన్నీ గులకరాళ్ళు, పైన ఎదురుగాలి. నాలుగు నెలలకు పిర్రలో సలుపు మొదలైంది. తెలివి ఉపయోగించి నొప్పి ఉన్న పక్కకు మాత్రమే సీటుమీద తువ్వాలు మడిచి వేసుకున్నాను. దాంతో మరింత వంకరగా కూర్చుని, పిర్రలో ఉన్నదాన్ని కాల్లోకి దింపుకున్నాను. ఇసుక కాపడం అయింది, ఆముదం మర్దనా అయింది, తాయెత్తూ అయింది. చివరికి ప్యాంటులో కాలు పెట్టాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది.

మా వైపు నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత, అంటే తల కాకుండా కాళ్ళు ముందుగా భూమ్మీద పడ్డవాళ్ళ చేత తన్నించుకుంటారు. నేను తిరిగే ఊళ్ళలో అలా పుట్టిన మనిషి ఓబులమ్మ. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండిన కందికట్టెలా ఉండేది. ఆదివారం వస్తే ఆమె వాకిట్లో నడుములు పట్టుకున్నవాళ్ళు బారులు తీరేవాళ్ళు. ఊరూరా సర్కారు మాత్రలు పంచే నేను కూడా ఒక ఆదివారం వెళ్ళి, పదిమంది ముందు, ఆ వాకిట్లో బోర్లా పడుకున్నాను. చాలా సిగ్గేసింది. కానీ నొప్పి ముందు సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది?

ఆమె తన్నలేదు. పక్కన కూర్చుని బొటనవేలితో పిర్ర నొక్కి చూసింది.

"యాడిదాకా దిగుతాంది?"

"మడమ దాకా పెద్దమ్మా."

"దగ్గితే?"

"జివ్వుమంటాది."

ఆమె లేచి చీర సర్దుకుంది. "లెయ్యప్పా. నేను తన్నను."

"దేవుడిచ్చిన కాలు పెట్టుకోని ఈ బెట్టేంది ఓబులక్కా?" అన్నాడు వరసలో ఉన్న ఒక ముసలాయన.

"నడుం పట్టినోళ్ళను తంతా. కాల్లేకి దిగినోళ్ళను తన్నను. నాకు రాదు" అందామె.

నాకు ఒళ్ళు మండింది. "నా పని పోతే మా ఇంట్లో కూడు నువ్వు పెడతావా?" అని అరిచాను.

"నేను తన్ని నీ కాలు పోతే ఎవురు పెట్టాల?" అంది, గొంతు పెంచకుండానే.

జనం పోయాక మజ్జిగ ఇచ్చి అసలు సంగతి చెప్పింది. తనకు పదహారేళ్ళప్పుడు తమ్ముడికి ఇలాగే కాల్లోకి దిగితే, అందరూ ఎగదోస్తే, ఉన్న బలమంతా పెట్టి తన్నిందట. వారం తిరక్కుండా వాడి పాదం వేలాడిపోయింది. మళ్ళీ లేవలేదు. "ఊరంతా నా కాలికి దండం పెడతారప్పా. నా తమ్ముడు ఒక్కడే చచ్చేదాకా ఆ కాలు చూసి మొగం తిప్పుకున్నాడు" అంది. అన్నాక చెనక్కాయలు వలవడం మొదలుపెట్టింది. అంతకుముందు అరిచినందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత నన్ను వీధిలో సైకిలు తొక్కమంది. వెనకనుంచి చూసి పకపకా నవ్వింది. "నీ పిర్రలు ఆ సీటు మింద కోలాటం ఆడతాండాయి కదప్పా! కాడి వంకరుంటే ఎద్దు మెడ పుండు గాకుంటాదా?" ఆ పూటే సీటు నాలుగు వేళ్ళు దింపించింది. తువ్వాలు తీసి పారేయించింది. సంచి భుజం మీదనుంచి వెనక క్యారియరు నడిమధ్యకు మారింది. కుక్కి మంచం మాని నేలమీద, మోకాళ్ళ కింద దిండుతో పడుకోమంది. అన్నిటికంటే కష్టమైనది చివర చెప్పింది. మిట్ట వస్తే దిగి నడవాలి, కాలు సలిపిన రోజు అసలు ఎక్కనే కూడదు.

"సైకిలు పెట్టుకోని నడిస్తే జనం నగుతారు పెద్దమ్మా."

"నగనీ. నగినోళ్ళు నీ కాలు మోస్తారా?"

దాదాపు రెండు నెలలు సైకిలు పక్కన నడిపించుకుంటూ పల్లెలు తిరిగాను. ఒక్క ఇల్లు కూడా తప్పకూడదని తెల్లవారుజామునే బయలుదేరేవాణ్ణి. "ఏమప్పా, సైకిలుకు జ్వరమొచ్చినాదా?" అని రచ్చబండ మీదివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఓబులమ్మ మాత్రం పదిహేను రోజులకోసారి గుమ్మంలోనే అడిగేది, "ఈ పొద్దు యాడుండాది?" అని. మడమలో ఉన్నది పిక్కకు వచ్చింది, పిక్కనుంచి తొడకు, తొడనుంచి పిర్రకు. పిర్రలో నొప్పి ఎక్కువైందని నేను గోల పెడితే, "పైకొస్తాంది గదా, మంచిదే. వచ్చిన దారినే పోతాంది" అంది. అన్నట్టే పోయింది. నా కాలు నిలబడింది, దాంతోపాటు మా ఇంటి పొయ్యీ నిలబడింది.

ఆమెకు మాత్రం నష్టమే మిగిలింది. అంతమంది ముందు "నాకు రాదు" అన్నాక, ఓబులమ్మ కాలికి మహిమ పోయిందని ఊళ్ళలో పాకింది. ఆదివారాలు వాకిలి ఖాళీ అయింది. నేను బాధపడితే, "పోనీలేప్పా, నా కాలికీ ఆదివారం సెలవొచ్చినాది" అని నవ్వింది. ఆ నవ్వులో కొంచెం నొప్పి ఉంది, నేను చూశాను.

ఎనభైల మొదట్లో ఉద్యోగం పర్మనెంటు అయి, విడపనకల్లు వైపు బదిలీ అయింది. చెప్పి పోదామని వెళ్ళి ఆమె కాళ్ళకు వంగాను. ఆమె చప్పున రెండు కాళ్ళూ చీర కిందికి లాక్కుంది. "ఆ కాలు వద్దప్పా" అంటూ, చెనక్కాయలు వలిచి వలిచి కాయలు కాసిన చెయ్యి నా చేతిలో పెట్టింది. కళ్ళనీళ్ళు ఆగలేదు నాకు. ఆ తర్వాత ఉద్యోగమున్నన్నాళ్ళూ, సూది పట్టినవాడికి అన్నీ తెలుసనుకుని జనం నాకు తెలియని రోగాలకు నా చేత మందు వేయించబోయేవాళ్ళు. అలాంటప్పుడల్లా అందరి ముందూ "నాకు రాదు" అన్నాను. ప్రతిసారీ నాలుక ముడుచుకుపోయేది, ఎదుటివాళ్ళ మొహాలు వాడిపోయేవి. అయినా అన్నాను.