ఉత్త చేతులతో పొమ్మన్న రూతమ్మ టీచర్

మూకుడులో ఆవనూనె కాగి ఘాటు ముక్కుకెక్కగానే మా ఇంట్లో అందరూ కిటికీలు తెరుస్తారు. నాకు మాత్రం రూతమ్మ టీచర్ గుర్తొస్తుంది. ఆ నూనె ఆమె ఎన్నడూ వాడింది లేదు.

మెట్‌పల్లి బడిలో నాకు లెక్కలు చెప్పిన టీచర్, రిటైరయ్యాక చర్చి ఆడవాళ్ళనూ మా వంటి రైతుల ఇళ్ళ ఆడవాళ్ళనూ కూడగట్టి ఒక పని పెట్టుకుంది. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు కొత్తగా వచ్చే ఒక్కో కుటుంబానికి ఊళ్ళో ఒక ఇల్లు తోడుండాలి. ఆస్పత్రి, బడి, అంగడి చూపించాలి, కష్టమొస్తే పలకాలి. నా వంతుకు సబిత వచ్చింది. అప్పటికే నిండు నెలలు దగ్గరపడుతున్నాయి. తొలి బిడ్డ వేరే ఊరి బట్టీలో, గుడిసెలోనే పుట్టి దక్కలేదు. ఈసారైనా ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నది మా ఆరాటం.

చీరలు, బియ్యం మూట పట్టుకుని వెళ్ళాను. సబిత గుడిసెలోకి పోయి తడిక వేసుకుంది. మళ్ళీ వెళ్ళినా అంతే. నాకు ఒళ్ళు మండి టీచర్ దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"ఇచ్చెటోళ్ళను చూస్తే వాళ్ళకు భయం బిడ్డా. ముందుగాల పైసలు చేతుల పెట్టిన దళారే వాళ్ళను ఈడికి పట్టుకొచ్చిండు గదా. రేపు ఉత్త చేతులతోని పో. ఏదన్న అడుగు."

"ఏం అడగాలె టీచర్?"

"నీకు రానిది. నీకు వంట రాదని ఊరంత ఎరుకే గదా."

మర్నాడు వెళ్ళి, మీ ఆకుకూర ఎట్లా వండుతారో నేర్పమని వచ్చీరాని హిందీలో అడిగాను. సబిత నా వైపు పీట జరిపింది. మూకుడులో ఆవనూనె పొగ రాకముందే నేను ఆకు వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపి నవ్వింది. ఆ తర్వాత తరచూ వెళ్ళేదాన్ని. ఆస్పత్రి మాట ఎత్తితే అవుననేది కాదు, కాదనేదీ కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె భర్త మా వాకిట్లోకి ఉరికొచ్చాడు. నొప్పులు మొదలయ్యాయి, సబిత నన్ను రమ్మంటోందట. దారిలో టీచర్‌నూ ఆటో ఎక్కించుకుని బట్టీకి వెళ్ళి సబితను ఆస్పత్రికి తెచ్చాం. ఆస్పత్రి మెట్ల దగ్గర టీచర్ ఆగిపోయింది.

"నువ్వు పో. ఆమె పిలిచింది నిన్ను, నన్ను గాదు. నేను ఈడనే కూసుంట."

ఆడపిల్ల పుట్టింది, గట్టిగా ఏడ్చింది. బయటికొచ్చి చెప్తే టీచర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నోరెండిపోయింది, జర మంచినీళ్ళు తే బిడ్డా," అంది.

టీచర్ చనిపోయిన మరుసటి ఏడు సబిత ఒడిశా నుంచి మళ్ళీ బట్టీ పనికి వచ్చింది. బట్టీలో కొత్తగా దిగిన ఒకామె ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేను చూస్తుండగానే సబిత పిల్లను చంకనేసుకుని ఆమె గుడిసె ముందు నిలబడి చిటికెడు ఉప్పు అడిగింది. సబిత ఇంట్లో ఉప్పు డబ్బా నిండుగా ఉందని నాకు తెలుసు. టీచర్ ఉండి చూస్తే ఎంత బాగుండేదో అనిపించింది.

నేనూ ఇప్పటికీ కొత్తవాళ్ళ దగ్గరికి ఉత్త చేతులతోనే వెళ్తాను. వంట ఇంకా సరిగ్గా రాలేదు కాబట్టి అడగడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.