ఘట్‌కేసర్ దారిలో దూకిన ఉష్ణోగ్రత

2011 వేసవిలో నేను నాచారం పారిశ్రామికవాడలోని ఒక డీజిల్ వాహనాల సర్వీస్ సెంటర్‌లో డయాగ్నోసిస్ ఇంజనీర్‌ని. బండిలో లోపం ఎక్కడుందో తేల్చడం నా పని, విప్పి బాగుచేయడం మెకానిక్‌ల పని. ఆ లోపం బండి తయారుచేసిన కంపెనీదా, వాడినవాళ్లదా అని రాసే వారంటీ రిపోర్టు మీద మొదటి సంతకం నాది. రెండోది వర్క్స్ మేనేజర్ శ్రీధర్ గారిది. ఆ షెడ్డులో ఆడమనిషిని నేనొక్కదాన్నే.

ఉప్పల్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి తన అంబులెన్స్‌ను మా దగ్గరికి పంపింది. ఘట్‌కేసర్ నుంచి గుండెనొప్పి మనిషిని తెస్తుండగా నారపల్లి దగ్గర హెచ్చరిక దీపం వెలిగి, ఇంజిన్ బలం పడిపోయిందట. ఎంత తొక్కినా బండి లాగలేదు. డ్రైవర్ యాదయ్య దారినపోయే జీపును ఆపి, రోగిని అందులోకి మార్చి పంపాడు. రోగి బతికాడు. అయినా, బండిని అడ్డగోలుగా తోలి ఇంజిన్‌ను కాల్చాడని ఆసుపత్రివాళ్లు సిబ్బంది అందరి ముందూ తిట్టి, యాదయ్యను పనిలోంచి ఆపేశారు. మా రిపోర్టు రాగానే పూర్తిగా తీసేస్తామన్నారు.

ఇంజిన్ నుంచి పొగ బయటికి వెళ్లే గొట్టంలో, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బోకు ముందు, ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. పొగ హద్దుమీరి వేడెక్కిందని అది చెబితే, టర్బో కాలిపోకుండా బండి కంప్యూటర్ డీజిల్‌ను తగ్గించేస్తుంది. ఆ కంప్యూటర్‌లో నమోదైన లోపాన్ని చదివే స్కానర్ పెడితే అదే కనిపించింది: అతి వేడి. షెడ్డులో నడిపినంతసేపూ సెన్సర్ సరైన అంకెలే చూపించింది. కాబట్టి సెన్సర్ మంచిదే, వేడి నిజమే, తప్పు డ్రైవర్‌దే అన్నారు శ్రీధర్ గారు. వాదన బలంగానే ఉంది. పైనుంచి తొందరపెడుతున్నారు, సంతకం పెట్టేయమన్నారు.

నేను టర్బో విప్పించాను. అంత వేడి తగిలిన ఇనుము రంగు మారాలి, ఎక్కడో పగలాలి. దాని మీద మసి తప్ప ఏమీ లేదు. మళ్లీ బిగించి, బరువు వేసి, రోడ్డు మీద నడిపి చూడనిదే సంతకం పెట్టనన్నాను. నడిపేది యాదయ్యే కావాలని కూడా అడిగాను. లోపం అతని చేతిలో వచ్చింది కనుక అతని తోలుడే నేను చూడాలి. ఆపేసిన మనిషికి తాళం ఇవ్వడం కుదరదని శ్రీధర్ గారు వాదించి వాదించి, చివరికి, ఏం జరిగినా పూచీ నేనే పడాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. సరేనన్నాను.

వెనక ఇసుక బస్తాలు వేసి బయల్దేరాం. స్కానర్ నా ఒళ్లో ఉంది. బోడుప్పల్ దాటాం. యాదయ్య అడిగాడు.

"మీరుగూడ నేనే కరాబ్ జేసిన్ననుకుంటున్రా, మేడం?"

"నేనింకా ఏం అనుకోలే యాదయ్యన్నా. రోజు ఎట్ల తోల్తవో గట్లనే తోలు."

అతను నిలకడగా తోలాడు. అంకె మెల్లగా పెరిగి నాలుగు వందల డిగ్రీలు దాటింది. నారపల్లి తర్వాత గతుకుల రోడ్డు మీద అది ఒక్కసారిగా తొమ్మిది వందలకు దూకి, అంతలోనే కిందికి పడింది. ఇనుప గొట్టం రెప్పపాటులో అంత వేడెక్కి, రెప్పపాటులో చల్లారడం జరగని పని.

బండిని పక్కకు ఆపించాను. సెన్సర్ ప్లగ్ ఊడదీసి, నిరోధం కొలిచే మీటర్ తగిలించి, స్క్రూడ్రైవర్ పిడితో సెన్సర్‌ను మెల్లగా తట్టాను. తట్టిన ప్రతిసారీ ముల్లు ఎగిరింది. ఆ రకం సెన్సర్‌లో వేడి పెరిగేకొద్దీ లోపలి తీగ నిరోధం పెరుగుతుంది. కంప్యూటర్ ఆ నిరోధాన్నే ఉష్ణోగ్రతగా లెక్కగడుతుంది. ఇందులో తీగ అతుకు చిట్లింది. చల్లగా ఉంటే అంటుకుని ఉంటోంది, కాగిన తర్వాత కుదుపుకు విడిపోయి, నిరోధం ఎగిరి, అతి వేడిలా కనిపిస్తోంది. కొత్త సెన్సర్ వేసి అదే దారిలో మళ్లీ వెళ్లాం. అంకె దూకలేదు.

శ్రీధర్ గారు సెన్సర్ సంగతి ఒప్పుకున్నారు. కానీ రోగి ఉండగా కంపెనీ సెన్సర్ వల్లే బండి ఆగిందని రాస్తే, ఆ కంపెనీకి మనం జవాబు చెప్పుకోవడం కష్టమన్నారు.

"రెండూ రాసేద్దాం సుజాత గారూ. సెన్సర్ పాడైంది, డ్రైవర్ కూడా దురుసుగా తోలాడు. ఎవరికీ ఇబ్బందుండదు."

"యాదయ్యకుంటది సార్. నేను చూడనిది రాయను. ఆ మాటుంటే నా సంతకముండదు."

ఒక్క సంతకంతో రిపోర్టు వెళ్లదు. రెండు రోజులు ఆయన రిపోర్టును తన బల్ల మీదే ఉంచుకున్నారు. చివరికి నేను రాసినట్టే పంపారు.

ఆసుపత్రి యాదయ్యను మళ్లీ పిలిచింది. అతను వెంటనే చేరలేదు. "అందరి ముంగట తప్పు నాదన్నరు గద, అందరి ముంగటనే కాదనున్రి" అని గేటు దగ్గరే నిలబడ్డాడట. అనిపించుకున్నాకే తాళం తీసుకున్నాడు.

వానలు మొదలయ్యేసరికి నన్ను విడిభాగాల గోదాముకు మార్చారు. పరిపాలనా కారణాలన్నారు. నా స్కానర్‌ను వేరొకరికి ఇచ్చారు. ఆ ఏడు రావలసిన ప్రమోషన్ రాలేదు, నేనూ వెళ్లి అడగలేదు.

ఉష్ణోగ్రత అంకె ఎంత ఉందన్నదానితో పాటు అది ఎంత వేగంగా మారుతోందో చూడాలి. చల్లటి షెడ్డులో సరిగ్గా కొలిచిన సెన్సర్‌ను కాగిన రోడ్డు మీద మళ్లీ పరీక్షించాలి. పరీక్షించకుండా మనిషి మీద తప్పు రాయమంటే, అడిగేది ఎవరైనా, రాయనని చెప్పడం కూడా డయాగ్నోసిస్ ఇంజనీర్ ఉద్యోగంలో భాగమే.