శివశంకర్ పెట్టిన పొగగొట్టం

అల్లవరంలో వేటపడవ నడిపే శివశంకర్‌కి మేస్త్రీలంటే గిట్టదు. అందుకే తాటాకు వంటపాకలో కట్టెలపొయ్యికి పొగగొట్టం తనే బిగించాడు. గోడలోంచి బయటికి తీసి, కప్పు ఆకుకు మూరెడు దూరంగా సముద్రం వైపు తిప్పాడు. పొద్దున్న పొగ బుద్ధిగా బయటికి పోయింది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలవగానే పొగంతా వెనక్కొచ్చి పాక నిండిపోయింది.

“గాలి చూసుకోకుండా పడవ తియ్యరు కదండీ. గొట్టానికి చూసుకోవద్దా?” అంది భార్య గంగాదేవి దగ్గుతూ.

శివశంకర్ గొట్టాన్ని ఆకుకు తగలకుండా నిటారుగా లేపి, కప్పు కంటే ఎత్తుకి తీసుకెళ్లి, పైన రేకు టోపీ పెట్టాడు.

సాయంత్రం అన్నంలో చేపల పులుసు పోసుకుంటూ, “కారం తగ్గించేవేంటే? వండేటప్పుడు నీ కళ్లల్లో నీళ్లే లేవు” అన్నాడు.

“కారం ఎప్పుడూ ఇంతేనండి” అంది గంగాదేవి. “ఇన్నేళ్లూ ఆ నీళ్లు పొగకి వచ్చినవండి.”