ఆ అన్న పెట్టని సంతకం

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ యూనిఫాం ఇస్త్రీ చేసే పని నాది. బొగ్గుల పెట్టె వేడెక్కిందో లేదో తడి వేలితో చూసుకుని, కాలరు నుంచి మొదలుపెట్టి చేసేదాన్ని. పెద్దమ్మ సువాలో ఆడవాళ్ళ జైల్లో వార్డరు. భర్త పోయాక ఆ ఉద్యోగంలో చేరింది. మా అమ్మానాన్నలు లబాసా వైపు చెరకు సాగు చేసేవారు. నన్ను సువాలో చదివించాలని నౌసోరిలో పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. మా దీవుల దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్ళో నాలుగేళ్ళో అయింది. నాకప్పుడు పన్నెండేళ్ళు.

పెద్దమ్మ జైలు సంగతులు ఇంటికి తెచ్చేది కాదు. ఇరుగుపొరుగువాళ్ళు ఆసక్తిగా అడిగితే, "అక్కడా వంట, స్నానం, నిద్రే. తలుపు మాత్రం మనం వేస్తాం" అని ఊరుకునేది. ఆ మాటతో అడిగినవాళ్ళు నిరాశపడేవారు. నేనూ పడేదాన్ని.

శనివారాలు నాకు ఒంటిపూట బడి. బడి అవగానే నడిచి జైలు గేటు దగ్గరికి వెళ్తే, మధ్యాహ్నం డ్యూటీ దిగిన పెద్దమ్మతో కలిసి నౌసోరి బస్సెక్కేదాన్ని. నేను చెప్పబోయే శనివారం వాన సన్నగా పడుతోంది. గేటు బయట బస్టాపు బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. చీర ఒంటికి వదులుగా ఉంది, ఎవరిదో కట్టుకున్నట్టు. పక్కన కాగితం సంచీ. చెప్పుల అంచులు ఎండిపోయి పగిలి ఉన్నాయి. నేను బెంచీకి రెండో చివర కూర్చున్నాను. ఆమె నన్ను చూడలేదు.

పెద్దమ్మ బయటికి వచ్చి ఆమెను చూసి ఆగింది.

"నిన్ను పొద్దున్న ఎనిమిదికి కదా వదిలారు?" అంది.

"అన్న వస్తాడని కూర్చున్నాను, మేడమ్."

"కబురు పంపావా?"

"రెండు చిట్ఠీలు రాయించాను."

జవాబు వచ్చిందా అని పెద్దమ్మ అడగలేదు. కొంతసేపు రోడ్డు వైపు చూసింది. నౌసోరి బస్సు రాగానే, "లే, చలో" అని ఆమె సంచీ తను తీసుకుంది.

ఆ అక్క కథ బస్సులోనే నాకు కొంత తెలిసింది, కొంత తర్వాత తెలిసింది. ఆమెను ద్రాసా అనే ఊళ్ళో ఇచ్చి పెళ్ళి చేశారు. మొగుడు కొట్టేవాడు. ఒకరోజు పూరీలు వేయిస్తూ ఆ నూనె అతని మీద పోసింది. అతను బతికాడు కానీ ఒక కన్ను పోయింది. ఆమెకు మూడేళ్ళు పడింది. ఆ సంబంధం చూసినవాడు అన్నే. శిక్ష పడ్డాక ఒక్కసారి కూడా జైలుకు రాలేదు. తల్లి ఉంది కానీ చూపు మందగించి బయటికి కదలలేదు. బస్సులో చెప్పినదంతా ఆ అక్క కిటికీకి దించిన టార్పాలిన్ తెర మీద జారే నీళ్ళను చూస్తూ చెప్పింది. ఏడవలేదు. నేను ఆమె చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. అవి మామూలు చేతులే.

నౌసోరిలో దిగి, వరి మళ్ళ మధ్య గట్టు మీద అరగంట నడిచాం. ఆమె అన్నది రేకుల ఇల్లు. వసారాలో చాప మీద అన్నగారు, పొరుగు మనుషులిద్దరు కూర్చుని, మత్తునిచ్చే వేరు దంచి గిన్నెలో కలిపిన యంగోనా తాగుతున్నారు. ముందు యూనిఫాం కనిపించి అన్నగారు లేచాడు. ఆ వెనకాల చెల్లెలు కనిపించింది. అతని ముఖం మారింది.

"మేడమ్, మీరు వచ్చింది సరే," అన్నాడు. "ఆమెకు ఈ ఇంట్లో జాగా లేదు. నాకు ఇద్దరు కూతుళ్ళు ఉంది. రేపు వాళ్ళ షాదీకి ఎవరు వస్తారు?"

పెద్దమ్మ వాదించలేదు. ఆమె తప్పు లేదనీ అనలేదు, మూడేళ్ళు బుద్ధిగా ఉందనీ చెప్పలేదు. వసారా అంచున కూర్చుని బూట్ల మట్టి గడ్డికి రాసింది. గుమ్మంలో అతని భార్య పిల్లను చంకలో వేసుకుని నిలబడింది. లోపలి నుంచి ఒక ముసలి గొంతు తెలుగులో అడిగింది.

"ఎవరు వచ్చింది? నా పిల్ల వచ్చిందా?"

మా ఇళ్ళలో హిందీ కలవని తెలుగు అప్పటికే ముసలివాళ్ళ దగ్గరే మిగిలింది. అన్నగారు సగం హిందీలో, "కోయీ నహీ, అమ్మా, ఎవరూ లేదు" అన్నాడు. అక్క ఇంకా వాకిట్లో వానలోనే నిలబడి ఉంది. ఆ మాటకు ఆమె వెనక్కి తిరిగి గట్టు వైపు రెండడుగులు వేసింది.

"అక్కడే ఉండు," అని పెద్దమ్మ మామూలు గొంతుతో అంది. తర్వాత నా వైపు చెయ్యి చాచి, "నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపు. పెన్ను కూడా ఇవ్వు" అంది.

ఇచ్చాను. పెద్దమ్మ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు రాసింది. దాన్ని అన్నగారికి చూపించి అర్థం చెప్పింది. మొదటిది, ఈమె నా సొంత చెల్లెలు. రెండోది, ఈమెను నా ఇంట్లోకి రానివ్వను.

"ఇది రూలు, భైయా," అంది. "చేర్చుకుంటే ఏ కాగితమూ అక్కర్లేదు. వద్దంటే కింద నీ పేరు రాసి సంతకం పెట్టాలి. వీళ్ళిద్దరూ సాక్షులుగా పెడతారు. తర్వాత నేను అమ్మకు చదివి వినిపించాలి. ఆమెకు తెలుగులో చెప్తాను."

అన్నగారు పెన్ను తీసుకున్నాడు. అతను చదువుకున్నవాడే, మిల్లులో గుమస్తా పని చేసినవాడు. కాగితాన్ని గోడకు ఆనించి పెన్ను పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. సాక్షులు కావలసినవాళ్ళలో ఒకతను లేచి, ఆవును కట్టెయ్యాలని గొణుగుతూ వెళ్ళిపోయాడు. రెండో అతను గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. రేకు మీద వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది. పెద్దమ్మ అతని వైపు చూడడం లేదు. తన బూట్లే చూసుకుంటోంది.

ముసలమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చేసింది. కోడలు పక్కకు తప్పుకుంది.

"ఎవరు, రా?" అంది కొడుకుతో.

అతను పెన్ను నాకు తిరిగి ఇచ్చేశాడు. కాగితం కింద పడింది. "తడుస్తోంది, లోపలికి రమ్మను" అన్నాడు, ఎవరికి చెప్తున్నాడో తెలియకుండా. అని, తను పెరటి వైపు వెళ్ళిపోయాడు.

అక్క లోపలికి వెళ్ళింది. తల్లి ఆమె ముఖాన్ని, భుజాల్ని, చేతుల్ని తడిమి, "ఎంత సన్నం అయిపోయింది" అని మాత్రం అంది. కోడలు మాకు టీ ఇచ్చింది. ఆ ఇంట్లో సంతోషం ఏమీ కనిపించలేదు. అందరూ ఇబ్బందిగా ఉన్నారు. పెద్దమ్మ టీ పూర్తిగా తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, కాగితం మడిచి జేబులో వేసుకుంది. లేచాం.

గట్టు మీద చాలా దూరం నడిచాక అడిగాను.

"పెద్దమ్మా, నిజంగా అలాంటి రూలు ఉందా?"

"లేదు."

"అయితే అబద్ధం చెప్పావు."

"చెప్పాను." కాసేపటికి మళ్ళీ అంది, "మనిషి పొమ్మని నోటితో అనేస్తాడు. ఏమంటున్నాడో తనకే వినపడదు. కొంచెం ఆగితే వినపడుతుంది. ఆగడానికి అతనికి ఏదో ఒకటి చేతికివ్వాలి." ఇంకో పది అడుగులు నడిచాక, "నువ్వు మాత్రం బడిలో అబద్ధాలు చెప్పకు" అంది.

ఆ విషయం అక్కడితో అయిపోలేదు. నెలా రెండు నెలలకు అన్నగారికి అలాంటి రూలు లేదని ఎవరో చెప్పారు. అతను సువా వచ్చి పై అధికారికి ఫిర్యాదు చేశాడు. డ్యూటీ కాని వేళ యూనిఫాంలో ఒకరి ఇంటికి వెళ్ళి లేని రూలు చెప్పినందుకు పెద్దమ్మ ఫైల్లో ఒక లెటరు చేరింది. ఆ ఏడు రావలసిన ప్రమోషను రాలేదు. తర్వాత కూడా చాలాకాలం రాలేదు. పెద్దమ్మ ఆ లెటరులో ఉన్నదంతా నిజమేనని ఒప్పుకుని కింద సంతకం చేసింది. నా ముందు దాని గురించి ఎప్పుడూ బాధపడలేదు. లోపల ఏమనుకుందో నాకు తెలియదు.

ఫిర్యాదు చేసిన అన్నగారు చెల్లెల్ని మాత్రం పంపేయలేదు. ఆమె ఆ ఇంట్లో ఏడాది పైన ఉండి తల్లికి అన్నం తినిపించింది, స్నానం చేయించింది. తల్లి ఆమె చేతుల మీదే పోయింది. ఆ తర్వాత వదినతో పడక, లౌటోకాలో ఒక బట్టలు కుట్టే షాపులో చేరింది. ఆ సంగతి చెప్పడానికి ఒకసారి మా ఇంటికి వచ్చి, పెద్దమ్మకు ఒక రవిక కుట్టి ఇచ్చి వెళ్ళింది. అన్నాచెల్లెళ్ళు మళ్ళీ మాట్లాడుకున్నారో లేదో నేను వినలేదు.

పెద్దయ్యాక నేనూ అదే జైల్లో ఉద్యోగంలో చేరి, ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. పెద్దమ్మలా లేని రూలు చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ లేకపోయింది. నా ఫైలు శుభ్రంగా ఉంది. అది గొప్పో కాదో తేల్చుకోలేకపోయాను. విడుదలకు నెల ముందు ప్రతి మనిషినీ పక్కన కూర్చోబెట్టుకుని, "ఇంటికి వెళ్తే తలుపు ఎవరు తీస్తారు?" అని అడగడం ఒక్కటే నేను చేసింది. అది మా పనుల జాబితాలో లేదు. కొందరు వెంటనే పేరు చెప్పేవారు. కొందరు ఆలోచించి చెప్పేవారు. ఏమీ చెప్పలేనివాళ్ళ ఇళ్ళకు నేను ఉత్తరాలు రాసేదాన్ని. కొన్నిటికి జవాబు వచ్చేది.

రిటైరై ఏడేళ్ళయింది. ఇప్పటికీ ఆ జైలు గేటు దగ్గర బస్సు ఎక్కవలసి వస్తే, ముందు బెంచీ వైపు చూస్తాను. సంచీతో ఎవరైనా ఒంటరిగా కూర్చుని ఉంటే, నా బస్సు వచ్చినా ఎక్కను. వెళ్ళి పక్కన కూర్చుని, ఏ ఊరమ్మా అని అడుగుతాను.