పిన్ని కోళ్ల పట్టిక

నిన్న ఖానాపురం హవేలిలో మా మేడమీది గదిలో ఆఫీసు పని చేసుకుంటుంటే తెర మీద "ఫలితాలు లేవు" అని వచ్చింది. రోజుకు పదిసార్లు చూసే మాటే. అయినా అది కనపడగానే నాకు చండ్రుగొండలో పిన్ని ఇంటి వరండా గుర్తొస్తుంది. ఒళ్లో లాప్‌టాప్, పక్కన పిన్ని.

బాబాయి బొగ్గుగనిలో ల్యాంపులిచ్చే గదిలో పనిచేసేవాడు. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, టీ గ్లాసుతో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల, విప్పిచూసి మార్చుకోగల ప్రోగ్రాములు ఉంటాయి కదా, వాటిని ఎలా వాడాలో చెప్పే పత్రాలను తెలుగులో రాసేవాడు. జీతం లేదు, పేరూ లేదు. పేరు రాయాల్సిన చోట "గని కార్మికులు" అని పెట్టేవాడు. మిగతా కార్మికులకు ఆ సంగతి తెలుసో లేదో నాకు అనుమానమే. పిన్ని మాత్రం ఆ కంప్యూటర్‌ను సవతి అనేది.

ఆయన పోయిన ఏడాదికి పిన్ని నన్ను పిలిచి అడిగింది. "బిడ్డా, నీకు గవన్ని ఎర్కే గద. ఇన్నేండ్లు ఏం రాసిండో ఒక్కటన్న చూపియ్యి. నేను తిట్టింది తప్పో ఒప్పో తెల్వాలె."

వేల ప్రాజెక్టుల కోడునూ పత్రాలనూ ఒకేసారి గాలించే సైటు ఒకటుంది. దాని మీదే నా ఉద్యోగం నడుస్తుంది కాబట్టి ధీమాగా కూర్చున్నాను. "గని కార్మికులు" అని కొట్టాను. ఫలితాలు లేవు. ఆయన వాడే మాటలన్నీ కొట్టాను. లేవు. పిన్ని జొన్నరొట్టె తెచ్చిపెట్టి, నా ముఖం చూసి లోపలికి వెళ్లింది. నాకు సిగ్గేసింది.

చివరికి పాత మార్పుల చిట్టాలో "చండ్రుగొండ" అని వెతికితే ఒక్కటి దొరికింది. ఒక ప్రోగ్రాములో కూడికలు ఎలా చేయాలో నేర్పడానికి బాబాయి వేసిన పట్టిక. చండ్రుగొండ, నల్లకోడి, ఆరు గుడ్లు. ఎర్రకోడి, గుడ్లు పొదుగుతోంది.

పిన్ని చప్పట్లు కొట్టింది. "గిది నా నల్లకోడే! పిల్లి ఎత్కపోయిందే, అదే!" నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తెరకు దగ్గరగా వంగింది. "మరి గింత ఎర్రగ ఎందుకున్నది?"

తీసేసిన వరుసలు ఎర్రగా కనపడతాయి. ఆ పత్రం మొదటి నుంచి చివరి దాకా ఎర్రగానే ఉంది. కింద ఎవరో రాశారు, "వాడేవాళ్లు లేరు, తెలుగు తొలగించాం." దాని కింద గని కార్మికుల జవాబు ఒక్క మాటే, "మంచిది." తేదీ చూశాను. ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు బాబాయి. ఒక్క సాయంత్రం కూడా ఆ కుర్చీ ఖాళీగా లేదు.

"కొట్టేసిన్రు పిన్నీ," అన్నాను.

"ఎప్పుడు?"

"బాబాయి పోయినంక."

"అయితే ఆయనకు తెల్వదు. గదే మంచిగైంది," అని లేచి కోళ్లకు నూకలు చల్లడానికి వెళ్లింది.

ఆ నాలుగేళ్ల సాయంత్రాలు ఆయన ఏం చూస్తూ కూర్చున్నాడో నేను ఇప్పటికీ అప్పుడప్పుడు వెతుకుతూనే ఉంటాను. గడిచిపోయిన కాలం నాకు చెప్పే జవాబు మాత్రం ఎప్పుడూ "ఫలితాలు లేవు" అన్న ఆ రెండు మాటలే.