బతికున్నవాడి పక్క

బాతుల వేటకు నీళ్ల మధ్య కట్టుకున్న మాటు దగ్గరికి చేరగానే ఎల్ఫేజ్ మొదట చేసే పని ఒక్కటే. పడవ ఆపి, గడకర్రను తిప్పి పట్టుకుని, దాని మొద్దు కొనతో మాటు తలుపును తడతాడు. తట్టి, పడవను కాస్త వెనక్కి తోసి, ఊరుకుంటాడు. లోపల ఏముంటే అది బయటికి వెళ్లడానికి దారి ఇవ్వాలి. ఒక్కోసారి పాము నీళ్లలోకి జారుతుంది. ఒక్కోసారి కందిరీగలు లేస్తాయి. ఒక వేసవిలో మొసలి, చిన్నదే, విసుక్కుంటున్నట్టు మెల్లగా దిగి వెళ్లిపోయింది. ఏమీ రాకపోయినా అతను అంతసేపూ ఆగుతాడు.

ఇళ్లకు వెళ్లినా అదే అలవాటు. చెల్లెలి ఇంటి తలుపు తట్టినా రెండడుగులు వెనక్కి వేసి నిలబడతాడు. "నేనేమన్నా మొసలినా అన్నా, కరుస్తానా?" అంటుంది ఎర్లీన్.

బాతుల వేట చలికాలపు పని. మిగతా ఏడాదంతా మాటును బతికించుకునే పని. ఉప్పునీరు గుంజలను తినేస్తుంది. ఎండకు పలకలు విచ్చుకుంటాయి. తుఫాను కప్పును ఎత్తుకుపోతుంది, పోనిదాన్ని నీటి పందికొక్కులు కొరుకుతాయి. లూసియానా దక్షిణపు అంచున, ఆ చిత్తడిలో, నేల ఏటేటా నీళ్లవుతోంది. ఎల్ఫేజ్ తండ్రి బూట్లతో నడిచి వెళ్లిన గట్టు మీద ఇప్పుడు గడకర్రకు అడుగు అందదు. మాటు కూడా చోటు మార్చుకుంటూ ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. దాని తలుపు ఓవీడ్ తండ్రి ఇంటిది. ఒక తుఫాను ఆ ఇంటిని తీసుకుపోయి తలుపును మాత్రం కిక్కిస పొదలో వదిలిపెట్టింది. ఓవీడే దాన్ని వెతికి తెచ్చాడు.

ఓవీడ్ ఎర్లీన్ మొగుడు. ఎల్ఫేజ్‌కు బావ. అంతకుముందు నుంచే స్నేహితుడు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి బొచ్చు జంతువులకు ఉచ్చులు వేశారు. ఆ బేరం పడిపోయాక ఎల్ఫేజ్ చమురు బావులకు పనివాళ్లను చేరవేసే పడవ నడిపాడు, ఓవీడ్ రొయ్యల పడవ ఎక్కాడు. ఎల్ఫేజ్ పెళ్లి చేసుకోలేదు. రొయ్యల షెడ్డు దగ్గర మగవాళ్లు దాన్ని గురించి ఎన్నో మాటలు అన్నారు. మాటుతో కాపురం చేస్తున్నాడు, అది వంట చేయదు గానీ ఎదురు చెప్పదు అనేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. చలికాలం తెల్లవారుజామున, ఆ ఇరుకు బల్ల మీద, ఓవీడ్ ఎడమపక్క తాను కుడిపక్క కూర్చుని, ఒకే ఫ్లాస్కు లోంచి నల్లటి కాఫీ తాగుతూ ఆకాశం కేసి చూడటం కన్నా ఎక్కువ ఏదీ అతను ఎవర్నీ అడగలేదు.

ఆ కాలువల మీద ఒక పద్ధతి ఉంది. వేసవి చివర, బాతులకు కనబడకుండా మాటుకు కొత్త కిక్కిస కట్టేటప్పుడు ఎవరి పక్క వాళ్లే కట్టుకోవాలి. జ్వరంతో ఉన్నా, చెయ్యి విరిగినా, ఆలస్యమైనా సరే, తన పక్క తానే. చచ్చినవాడి పక్క మాత్రం, ఆ మొదటి ఏడాది, బతికి ఉన్న జతగాడు కడతాడు. అది దండ వేసినట్టు. పడవల్లో పోయేవాళ్లు చూసి శిలువ గుర్తు వేసుకుని వెళతారు.

పోయిన జనవరిలో ఓవీడ్ తూటాలు నింపుతుండగా తుపాకీ పేలింది. అతని చేతులకు వణుకు వచ్చి అప్పటికి రెండేళ్లు. తూటాలోని సీసపు రవ్వలు ఎల్ఫేజ్ మోకాలి పక్కనుంచి పోయి గోడ పలకలో పిడికిలి పట్టేంత చిల్లు చేశాయి. ఆ చిల్లులోంచి నీళ్లు మెరుస్తూ కనిపించాయి. ఇద్దరూ దాన్నే చూశారు. ఓవీడ్ కాఫీ ఫ్లాస్కు మూత బిగించాడు. ఎల్ఫేజ్ వెళ్లి, ఎరగా వదిలిన కొయ్యబాతులను నీళ్లలోంచి ఏరి సంచిలో వేశాడు. దారిలో గాలి గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత దాని గురించి ఒక్క మాట లేదు, ఆ రోజూ లేదు, వేసవి వచ్చాకా లేదు.

జూలైలో ఎర్లీన్ అన్నను వంటింట్లోకి పిలిచింది. బియ్యం కడుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది. ఈ ఏడు ఆయన్ని తుపాకీ పట్టనివ్వకు. నా మాట వినడు, డాక్టరు మాట వినడు, నువ్వు చెబితే వింటాడు. ఎల్ఫేజ్ సరేనన్నాడు. ఓవీడ్ వరండాలోనే ఉన్నాడు. ఎల్ఫేజ్ వెళ్లి పక్కన కూర్చుని పీతల ధర గురించి మాట్లాడి వచ్చాడు.

ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ ఆ మాట అనకుండానే తిరిగొచ్చాడు. చెబితే బావ మాటుకు రావడం మానేస్తాడు. చెప్పకపోతే ఈసారి చిల్లు పలకలో పడుతుందో ఎందులో పడుతుందో.

ఆగస్టులో ఓవీడ్‌ను పరీక్షలకని పట్నం ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఆ రోజుల్లోనే ఎల్ఫేజ్ మాటు పని పెట్టుకున్నాడు. గుంజలకు తారు పూశాడు. చిల్లు పడ్డ పలక ఊడదీసి కొత్తది కొట్టాడు. పాతదాన్ని గుంజల మీద నిలబడ్డ తన ఇంటి కింద పడేశాడు. కిక్కిస కోసి, కట్టలు కట్టి, తన పక్క కప్పాడు. ఇంకా కట్టలు మిగిలాయి. ఎండ మండుతోంది. బావ ఆ చేతులతో ఇనుప తీగ ఎలా మెలేస్తాడు, వేళ్లు చీల్చుకుంటాడు అనుకున్నాడు. మిగతావాళ్లు కిక్కిస కట్టడానికి ఇంకా నెల రోజులుంది, ఎవరు చూస్తారు, ఈలోగా తానే చెప్పవచ్చు అనుకున్నాడు. అలా అనుకుంటూ ఓవీడ్ పక్క కూడా కట్టేశాడు. కడుతున్నంతసేపూ అతనికి ఒక రకమైన తేలిక. పని అయిపోయి పడవ ఎక్కాక మాత్రం వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు.

ఎల్ఫేజ్‌ది ఎడమచేతి వాటం. అతని ముడి అందరి ముడికీ ఎదురువైపుకు తిరుగుతుంది. ఆ కాలువల మీద ఆ ముడిని గుర్తుపట్టనివాళ్లు లేరు.

కింది కాలువలో ఉండే వెర్నా మొగుడు రొయ్యల పడవ మీద పోతూ ఆ ముడులు చూశాడు. రెండు పక్కలా ఒకటే ముడి. ఓవీడ్ ఆసుపత్రిలో ఉన్నాడన్న సంగతి విని ఉన్నాడు. టోపీ తీసి, ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడు. వెర్నా ఏడ్చి, కోడిని కోసి, పెద్ద గిన్నెడు గంబో పులుసు వండి, నల్ల గౌను తొడుక్కుని ఎర్లీన్ ఇంటికి వచ్చింది. తలుపు ఓవీడే తీశాడు. ముందు రోజే ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాడు.

సాయంత్రం ఎండ తగ్గాక ఓవీడ్ ఆ గిన్నె పట్టుకుని ఎల్ఫేజ్ రేవుకు వచ్చాడు. ఎల్ఫేజ్ పీతల బుట్టలకు తీగ అల్లుతున్నాడు. ఓవీడ్ కనబడకముందే గిన్నె మూత చప్పుడు వినిపించింది. సన్నగా, ఆగకుండా.

"నా చావు వంట బావా," అన్నాడు ఓవీడ్. "నువ్వూ కాస్త తిను. ఉప్పు తగ్గింది."

ఎల్ఫేజ్ లేచి గిన్నె అందుకోబోయాడు. ఓవీడ్ ఇవ్వలేదు. తానే వంగి పలకల మీద పెట్టాడు. పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"వెర్నా నన్ను చూసి గుమ్మంలో కూలబడింది," అన్నాడు. "మంచినీళ్లిచ్చి లేపాను. పాపం, నల్ల గౌను కూడా కొత్తదే."

ఎల్ఫేజ్ నవ్వబోయాడు. ఓవీడ్ నవ్వలేదు.

"ఎండలో కష్టపడతావని కట్టాను బావా," అన్నాడు ఎల్ఫేజ్.

"ఎండ ఎప్పుడు లేదు?"

"తీగతో వేళ్లు కోసుకుంటావని."

"నా వేళ్లు నేను కోసుకుంటాను." ఓవీడ్ చేతులను చంకల్లో దోపుకున్నాడు. "నోటితో ఒక్క ముక్క అనలేకపోయావు. పోయి నా పక్కన నీ ముడి వేసొచ్చావు. ఊరంతా చదువుకుంది. నాకే ఆఖర్న తెలిసింది."

ఎల్ఫేజ్ వంగి తీగ చుట్టను బుట్టలో పెట్టాడు.

"ఆ పలకేదీ?" అని అడిగాడు ఓవీడ్.

"మార్చేశాను."

"నన్నడక్కుండానే?"

"చిల్లు పడింది కదా బావా."

"ఆ చిల్లు నాది," అన్నాడు ఓవీడ్. "అదన్నా నాకు ఉంచాల్సింది."

అని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఎల్ఫేజ్ గిన్నె లోపలికి తీసుకువెళ్లి పొయ్యి పక్కన పెట్టాడు. తినలేదు. పారబోయలేదు. మాటు కట్టేటప్పుడు కలిగిన ఆ తేలిక ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది. అది జాలి కాదు. ఇక బావ తన పక్కన తుపాకీతో కూర్చోడన్న తేలిక. చెప్పకుండానే పని జరిగిపోయిందన్న తేలిక.

మర్నాడు పొద్దున అతను ఇంటి కిందికి వంగి పాత పలకను లాగి పడవలో వేసుకున్నాడు. మాటు దగ్గర పడవ ఆపి, తలుపు తట్టి, వెనక్కి తోసుకుని ఆగాడు. ఏదీ రాలేదు. అప్పుడు ఓవీడ్ పక్కకు వెళ్లి తన ముడులు ఒక్కొక్కటే కోశాడు. కిక్కిస ఇంకా పచ్చిగానే ఉంది. కట్టలు చెదరకుండా పడవలో పేర్చాడు. ఆ పక్కన గుంజలు, కిక్కిస కట్టే వల మాత్రం మిగిలాయి. కాలువలో పోయే ఎవరికైనా, ఎంత దూరం నుంచైనా, ఆ బోసితనం కనిపిస్తుంది. తన పక్కను అలాగే ఉంచాడు.

తిరిగి వస్తూ, ఇంజను చప్పుడులో, ఆ మాట పైకి అని చూశాడు. తుపాకీ ఇంట్లో వదిలి రా బావా. నువ్వు రా, తుపాకీ వద్దు. మొదటిసారి తనకే వినపడలేదు. రెండోసారి గట్టిగా వచ్చింది. గట్టు మీది కొంగ ఒకటి లేచిపోయింది.

ఓవీడ్ రేవులో పడవ కట్టి, కిక్కిస కట్టలు మెట్ల పక్కన దించాడు. ఇనుప తీగ చుట్టను వాటి మీద పెట్టాడు. పలకను చిల్లు పైకి కనిపించేలా మెట్టుకు ఆనించాడు. తర్వాత గడకర్ర తెచ్చి, తిప్పి పట్టుకుని, మొద్దు కొనతో తలుపు తట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి, నిలబడ్డాడు.