సారు దిద్దని శేషం

మా గౌలిపుర గల్లీలోని లెక్కల సారు పోయిన వారం పొద్దున్నే కన్నుమూశారు. బర్రెలకు కుడితి పెడుతున్నాను. పక్కింట్లోంచి ఆయన చెల్లెలు గోడ దగ్గరికొచ్చి, "అన్న ఇగ లేడమ్మా" అన్నది. బకెట్ అక్కడే వదిలేసి పరుగెత్తాను.

అఫ్జల్‌గంజ్ దగ్గరి బడిలో పాతికేళ్ళు చెప్పిన మనిషి. ఆడపిల్లకు లెక్కలెందుకని మావాళ్ళు నవ్వినా వినకుండా నాకు భాగహారం నేర్పారు. ఆయనకొక సంఖ్య పిచ్చి: 2147483647. అది ప్రధాన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోదని పుస్తకంలో ఉంది.

"ఎవలో రాసిండ్రని నమ్ముతమా? మనం చేసి చూడొద్దా?" అన్నారు.

అన్నిటితో భాగించక్కర్లేదు, నలభై ఆరు వేల మూడు వందల నలభై లోపలి ప్రధాన సంఖ్యలు చాలట.

"అంతకన్న పెద్దదానితోని పోతే, దాని జోడీ చిన్నదే ఉంటది బిడ్డా. గది ముందే దొరుకుతది."

అయినా అవి నాలుగు వేల ఏడు వందల పైచిలుకు! యుద్ధం వచ్చి కాగితం దొరకలేదు. పలక మీద చేసి, మందు పొట్లాల కాగితాల మీద శేషం మాత్రం రాసుకుని, పలక తుడిచేసేవాళ్ళం. ఏళ్ళు గడిచాయి. ఆయన కళ్ళు మసకబారాక రాసే చెయ్యి నాదైంది.

చివరికి పదకొండు మిగిలాయి. ఆయనకేమో ఊపిరి అందడం లేదు. భయంతో నాకు తీసివేతలు కూడా తప్పుతున్నాయి. రాత్రి గడవదని హకీం చెప్పి వెళ్ళిన సాయంత్రం, మంచం పక్కన కూర్చుని అబద్ధమాడాను.

"అన్నీ అయినయ్ సారూ. దేనితోని భాగం పోలే."

"ఆఖరుది?"

"నలభై ఆరు వేల మూడు వందల ముప్పై ఏడు."

"శేషం ఎంతొచ్చింది?"

నోటికొచ్చింది చెప్పాను. "యాభై రెండు వేల పదకొండు."

"మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నారు.

శవాన్ని తీసుకెళ్ళాక తల మీద నీళ్ళు పోసుకుంటుంటే తట్టింది. భాగించే సంఖ్య కన్నా శేషం పెద్దదెలా అవుతుంది? మొదటి రోజు నేర్పే సంగతి అది! అన్నం ముందు నుంచి లేచొచ్చి నా తప్పు దిద్దే మనిషి ఆ సాయంత్రం ఊరుకున్నారు. ఆయనకు తెలిసిపోయింది. నా కోసం నమ్మినట్టే ఉండి, తన సంఖ్య సంగతి తేలకుండానే వెళ్ళిపోయారు. ఎంత పని చేశాను! చెంబుతో అక్కడే కూలబడి ఏడ్చాను.

తర్వాత నాలుగు రోజులు కూర్చుని ఆ పదకొండూ చేశాను. దేనితోనూ భాగం పోలేదు. ఆఖరుదాని శేషం నలభై ఒక్క వేల ఏడు వందల పందొమ్మిది. పలక పట్టుకుని సారు ఇంటికి వెళ్ళాను. మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఆయన పడుకున్న చోట నులక ఇంకా లోపలికి వంగే ఉంది. దాని ముందు నిలబడి శేషం గట్టిగా చదివాను.

"ఎవలతోని మాట్లాడుతున్నవమ్మా?" అని ఆయన చెల్లెలు లోపలి నుంచి అడిగింది.

మళ్ళీ చదివాను.